అతుకు దగ్గర విరిగేది: తొలి మౌంటెన్ బైక్ ఫ్రేముల కథ

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ముందు ఈ బల్ల మీద ఉన్న ముక్క సంగతి చెబుతాను. రెండు ఉక్కు గొట్టాలు, ఒకదానికి ఒకటి ఏటవాలుగా అతికించి ఉన్నాయి, అతుకు చుట్టూ పచ్చగా మెరిసేది ఇత్తడి. నేనే అతికించాను. మూడో ప్రయత్నానికి కుదిరింది, మొదటి రెండింట్లో గొట్టం ఎక్కువ వేడెక్కి పాడైపోయింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ అతుకు చుట్టూనే తిరుగుతుంది, అందుకే తెచ్చాను.

తెనాలిలో మా నాన్నగారికి గ్యాస్ వెల్డింగ్ షాపు ఉండేది. కార్బైడు డబ్బాలో నీళ్ళు పోసి గ్యాసు తయారుచేసుకునే రోజులవి. పాలవాళ్ళు, కూరగాయలవాళ్ళు విరిగిన సైకిళ్ళు భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు. ఆయన ఇత్తడి కడ్డీ కొస వేడిచేసి, వెలిగారం పొడిలో అద్ది, గొట్టం ఎర్రబడి నారింజ రంగులోకి తిరిగే క్షణం కోసం చూసి అప్పుడు ఆ కడ్డీని తాకించేవారు, ఇత్తడి నీళ్ళలా పాకి సందులోకి వెళ్ళిపోయేది. కంసాలి నగకి టంకం పెట్టడం చూసినవాళ్ళకి ఇది తెలిసిన పనే, కాకపోతే ఇక్కడ నగ బదులు సైకిలు. సైకిలు గొట్టం మధ్యలో విరగదని, విరిగితే అతుకు దగ్గరే విరుగుతుందని ఆ షాపులోనే నాకు పదేళ్ళకే తెలిసింది.

తరువాత ఈ దేశం, అమెరికా వచ్చాను. శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా వెళ్తే వచ్చే మెరిన్ కౌంటీలో, టామల్‌పయస్ కొండ చుట్టూ ఉన్న మట్టి దారుల్లో సైకిలు తొక్కడం మొదలుపెట్టాక, కొండ దారుల్లో తొక్కే ఈ మౌంటెన్ బైక్ ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనిపించి చదువుతూ పోతే, చివరికి తేలింది మా నాన్నగారి షాపులో తేలిందే. విరిగిన అతుకు.

1970ల మొదట్లో అక్కడి కుర్రాళ్ళు ష్విన్ అనే అమెరికా కంపెనీ పాత సైకిళ్ళు కొనేవాళ్ళు. ముఖ్యంగా ఎక్సెల్సియర్ అనే మోడల్, 1930ల నుంచి 40ల దాకా పేపర్లు వేసే పిల్లల కోసం, బడికెళ్ళే పిల్లల కోసం చేసినవి. 26 అంగుళాల చక్రం, 2.125 అంగుళాల లావు టైరు. ఆ లావు టైర్లని అమెరికాలో ష్విన్ 1933లో తెచ్చింది. పాత సామాన్ల కొట్లలో, ఇళ్ళ వెనక షెడ్లలో తుప్పు పట్టి పడి ఉండేవి కాబట్టి చవకగా దొరికేవి. మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారియరు అన్నీ పీకేసి, కొండ మీదికి నెట్టుకునో ట్రక్కులో వేసుకునో తీసుకెళ్ళి, అక్కడినుంచి కిందికి వదిలేవాళ్ళు. వాటికి వాళ్ళు పెట్టుకున్న పేరు క్లంకర్. అన్నీ పీకేశాక కూడా ఒక్కోటి 20 కిలోలు దాటేది.

ఆ సైకిళ్ళకి బ్రేకు వెనక చక్రం హబ్బు లోపలే ఉంటుంది, పెడల్ వెనక్కి తొక్కితే పడుతుంది. కొండ దిగేటప్పుడు అది ఎంత కాలిపోయేదంటే లోపలి గ్రీజు పొగై వెళ్ళిపోయేది. కిందికి వచ్చాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరుకోవాల్సిందే. అలా మళ్ళీ కూరడాన్ని ఇంగ్లిష్‌లో రీప్యాక్ అంటారు, ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గరున్న ఆ దారికి ఆ పేరే ఉండిపోయింది. సుమారు 2 మైళ్ళలో 1,300 అడుగులు దిగుతుంది. 1976 అక్టోబర్ 21న అక్కడ మొదటి రేసు పెట్టారు. ఒక్కొక్కరినీ విడిగా వదిలి గడియారంతో టైము కట్టేవాళ్ళు. ఆ రోజు గెలిచింది అలన్ బాండ్స్. తరువాతి రేసుల్లో ఆ కుర్రాళ్ళలోనే ఒకడైన గ్యారీ ఫిషర్ 4 నిమిషాల 22 సెకన్లలో దిగాడు, ఆ రికార్డు ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది. రేసులు పెట్టింది ఛార్లీ కెల్లీ.

ఇక్కడ మన పక్క ఊరి సంగతి ఒకటి చెప్పి తీరాలి. తెలుగువాళ్ళు ఇంతమంది ఉంటున్న కుపర్టినో ఉంది కదా, అక్కడ 70ల్లో మారో డర్ట్ క్లబ్ అని ఒక చిన్న గుంపు ఉండేది. 1974 డిసెంబర్‌లో మెరిన్‌లోని మిల్ వ్యాలీలో సైక్లోక్రాస్, అంటే మట్టిలో బురదలో సైకిలు తొక్కే పోటీ జరిగితే వాళ్ళు తమ లావు టైర్ల బండ్లు తీసుకుని వెళ్ళారు. వాటికి గేర్లు మార్చే డిరైలర్లు, హ్యాండిల్ మీద బొటనవేలితో మార్చే మీటలు, డ్రమ్ బ్రేకులు ఉన్నాయి. మెరిన్ వాళ్ళు అప్పటిదాకా ఒక్క గేరుతో కొండ దిగడమే తప్ప ఎక్కడం గురించి పెద్దగా ఆలోచించలేదు. ఆ బండ్లు చూశాక గ్యారీ ఫిషర్ కూడా తన పాత ష్విన్‌కి గేర్లు బిగించాడు. కుపర్టినో వాళ్ళు మాత్రం ఆ తరువాత ఆ రంగంలో కనిపించలేదు, పేర్లు కూడా చాలా ఏళ్ళు ఎవరికీ గుర్తులేవు. మనం రోజూ కార్లలో తిరిగే ఆ వీధుల్లో అలాంటి బండ్లు తిరిగాయని మన పిల్లలకి చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

సరే, గేర్లు వచ్చాయి, మంచి బ్రేకులు వచ్చాయి, ఇంకా వేగంగా దిగుతున్నారు. దాంతో ఫ్రేములు విరగడం మొదలైంది. పిల్లాడు పేపర్లు వేయడానికి చేసిన ఫ్రేము అది. ముందు చక్రం ఒక రాయిని కొట్టిందనుకోండి, ఫోర్కు వెనక్కి తోస్తుంది, ఆ ఫోర్కు పొడవంతా మీటలా పనిచేసి మొత్తం బలం తెచ్చి హ్యాండిల్ కింద ఉండే మెడ గొట్టం మీద పెడుతుంది, మెడకి వెనక కింది గొట్టం అతికిన చోట ముడత పడుతుంది. ఒకసారి ముడత పడితే ఇక ఆ ఫ్రేము పని అయిపోయినట్టే. పాత ఎక్సెల్సియర్లేమో రోజురోజుకీ దొరకడం కష్టమైపోయింది, ఎవరూ కొత్తగా తయారుచెయ్యట్లేదు కదా. అప్పుడు ఛార్లీ కెల్లీ, కొండ దిగడానికే కొత్తగా ఒక ఫ్రేము చేసిపెట్టమని జో బ్రీజ్‌ని అడిగాడు.

జో బ్రీజ్ రోడ్డు రేసర్. 1974లో ఆల్బర్ట్ ఐసెన్‌ట్రౌట్ అనే ఫ్రేము మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో చేత్తో మంచి రోడ్డు ఫ్రేములు చేసేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, వాళ్ళలో ఐసెన్‌ట్రౌట్ ఒకడు, పైగా తనకు తెలిసింది దాచుకోకుండా క్లాసులు పెట్టి నేర్పాడు. ఈ చరిత్రలో ఆయన పేరు ఎప్పుడూ ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. నాకది నచ్చదు. చేతిపని నేర్పినవాడు లేకపోతే ఆ తరువాతి వాక్యాలేవీ ఉండవు.

1977లో బ్రీజ్ తన మొదటి ఫ్రేము పూర్తిచేశాడు, దాన్నే ఇప్పుడు బ్రీజర్ నంబర్ 1 అంటారు. క్రోమోలీ ఉక్కు, అంటే కొంచెం క్రోమియం, ఇంకా కొంచెం మాలిబ్డినమ్ కలిసిన ఉక్కు, విమానాల చట్రాలకి వాడే గొట్టం. మెడ కోణం, చక్రాల మధ్య దూరం లాంటివి చాలావరకు ఆ పాత ఎక్సెల్సియర్ కొలతలకి దగ్గరగానే ఉంచాడు, ఎందుకంటే కొండ దిగేటప్పుడు ఆ బండి కుదురుగా ఉంటుందని అందరికీ ఒంటితో తెలుసు. కానీ బలం విషయంలో భయం పోలేదు. మెడ దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసు దాకా అటొకటి ఇటొకటి సన్నటి జంట గొట్టాలు అదనంగా లాగాడు. ఫొటో చూస్తే వెంటనే కంటపడేవి అవే. పైన నికెల్ పూత. చక్రాలు, హబ్బులు, బ్రేకులు, అన్నీ కొత్తవే వాడాడు, ఒక్క తుప్పు ముక్క లేదు. దాన్ని తీసుకెళ్ళి రీప్యాక్ మీద పరుగెత్తించాడు. 1978 కల్లా అలాంటివి 10 చేశాడు, ఒక్కో బండి 750 డాలర్లు. మొదటిది ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది.

ఆ మొదటి పదిలో ఒకటి వెండీ క్రాగ్‌ది. రీప్యాక్ దిగిన ఆడవాళ్ళలో మొదటి తరం ఆమె. ఆ రోజుల ఫొటోలు ఇవాళ మనం చూడగలుగుతున్నామంటే ఎక్కువ భాగం ఆమె కెమెరా వల్లే. 1978లో వీళ్ళు కొందరు కొలరాడో వెళ్ళి, క్రెస్టెడ్ బ్యూట్ ఊరి వాళ్ళతో కలిసి 12,700 అడుగుల పెర్ల్ పాస్ అనే కనుమ దాటి ఆస్పెన్ దాకా పోయినప్పుడు ఆమె కూడా ఉంది. కొండ దిగడమే కాదు, రోజంతా ఎక్కి దిగి ఇంకో ఊరు చేరే బండి అని అక్కడ రుజువైంది.

ఇప్పుడు అతుకు దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కొంచెం ఓపిక పట్టండి.

మన ఊళ్ళో హీరో, అట్లాస్ సైకిళ్ళు గుర్తుచేసుకోండి. నాన్న మనల్ని ముందు రాడ్డు మీద కూర్చోబెట్టుకునేవాడు కదా, ఆ రాడ్డు హ్యాండిల్ దగ్గర మెడలో కలిసే చోట చుట్టూ ఒక ఇనుప తొడుగు, అంచు కొంచెం ఉబ్బెత్తుగా తగిలేది. దాన్ని లగ్ అంటారు. గొట్టాన్ని ఆ తొడుగులోకి దూర్చి, సందులోకి ఇత్తడో వెండి మిశ్రమమో పారిస్తే అతుకు తయారవుతుంది. ఇది చాలా మంచి పద్ధతి. వందేళ్ళు పనిచేసింది. కానీ తొడుగు ముందే పోతపోసి వస్తుంది, దాని రంధ్రం సైజు మారదు, కోణం మారదు. అప్పట్లో దొరికే లగ్గులన్నీ రోడ్డు సైకిళ్ళవి. పై గొట్టం 1 అంగుళం, కింది గొట్టం అంగుళం మీద ఎనిమిదో వంతు. కొండ బండికి అంతకన్నా లావు గొట్టం కావాలి. లావు గొట్టం ఆ లగ్గులోకి పట్టదు.

కాబట్టి లగ్గు వదిలెయ్యాలి. వదిలేస్తే ఏం చెయ్యాలంటే, ఒక గొట్టం కొసని చేప నోరు ఆకారంలో, రెండో గొట్టం గుండ్రానికి వెంట్రుక సందు కూడా లేకుండా కూర్చునేలా ఆకురాయితో రాయాలి. తరువాత వెలిగారం లాంటి ఫ్లక్స్ పూసి, సుమారు 900 డిగ్రీల దగ్గర కరిగే ఇత్తడిని లోపలికి పారించి, ఆ పైన ఇంకా ఇత్తడి పోస్తూ మూల మూలంతా నునుపుగా, లోపలికి వంగిన గట్టులా కట్టాలి. దీన్ని ఫిల్లెట్ బ్రేజింగ్ అంటారు. వేడి తక్కువైతే ఇత్తడి పైనే ముద్ద కడుతుంది, లోపలికి పోదు. ఎక్కువైతే పలచటి గొట్టం పాడవుతుంది. నేను రెండుసార్లు పాడుచేశానని చెప్పానుగా, అక్కడే. సరిగ్గా కుదిరితే మాత్రం ఆ మెత్తటి వంపు వల్ల, బలం ఒక్క గీత మీద పడకుండా అతుకంతా పరుచుకుంటుంది.

ఈ పనిలో చెయ్యి తిరిగినవాడు టామ్ రిచీ. శాన్ ఫ్రాన్సిస్కోకి దక్షిణాన ఉండే పెనిన్సులా కుర్రాడు. పదహారేళ్ళు కూడా నిండకముందే ఫ్రేములు చెయ్యడం మొదలుపెట్టాడు, ఇరవై రెండో ఏట అడుగుపెట్టేసరికే వందల ఫ్రేములు చేసి ఉన్నాడు, లగ్గుల్లేకుండా అతికించడం అతనికి అప్పటికే అలవాటు. పైగా జాబ్స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు వెంట ఆదివారాలు శాంటా క్రూజ్ కొండల్లో మట్టి దారుల మీద సన్న టైర్ల రోడ్డు సైకిలే తొక్కేవాడు. కాబట్టి మట్టిలో సైకిలేమిటి అని అతను అడగక్కర్లేదు. 1979 మొదట్లో జో బ్రీజ్ ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిలు పని మీద అతని దగ్గరికి వచ్చినప్పుడు రిచీ బ్రీజర్ చూశాడు. ఆ సంగతి విన్న గ్యారీ ఫిషర్ తనకొక ఫ్రేము చేసిపెట్టమన్నాడు. రిచీ ఒకటి ఫిషర్‌కి, ఒకటి తనకి, ఇంకొకటి మరొకరికి, మూడు చేశాడు. బ్రీజ్ పెట్టిన జంట గొట్టాలు రిచీ పెట్టలేదు, లావు గొట్టం, మంచి అతుకు ఉంటే చాలన్నాడు. తరువాత బ్రీజ్ కూడా తన రెండో విడత బండ్లలో వాటిని తీసేశాడు. ఎవరు గెలిచారని లెక్క కాదు ఇది. ఒకడు భయపడి ఎక్కువ బలం పెట్టాడు, విరగలేదు కాబట్టి ఎంత తగ్గించచ్చో రెండోవాడికి తెలిసింది.

రిచీది ఇంకో ముచ్చట. కొండ దిగేటప్పుడు హ్యాండిల్ దాని బిగింపులో జారి తిరిగిపోయేది, ప్రాణం మీదికి వచ్చే విషయం. అతను బిగింపే లేకుండా హ్యాండిల్‌నీ దాని కాడనీ త్రికోణంలా కలిపి ఒకే ముక్కగా అతికించేశాడు. బుల్‌మూస్ హ్యాండిల్ అంటారు. మళ్ళీ అతుకే చూడండి.

ఆ మూడింటి తరువాత రిచీ ఇంకో తొమ్మిది ఫ్రేములు చేశాడు, తన ఊళ్ళో కొనేవాళ్ళు దొరకలేదు. అవి అమ్మిపెట్టమని ఫిషర్‌ని అడిగాడు. ఫిషర్, కెల్లీ కలిసి జేబులో ఉన్న కొన్ని వందల డాలర్లతో 1979లో శాన్ ఆన్సెల్మోలో ఒక గ్యారేజీ అద్దెకు తీసుకుని కంపెనీ పెట్టారు, పేరు మౌంటెన్‌బైక్స్. బండి సుమారు 1,300 డాలర్లు. ఆ డబ్బుకి అప్పట్లో మేలైన ఇటలీ రేసు సైకిలు వచ్చేది, అయినా జనం ముందే డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూశారు. ఆ పేరుని ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలని చూశారు, దక్కలేదు. అందుకే ఇవాళ ప్రపంచమంతా మనం మౌంటెన్ బైక్ అంటున్నాం.

ఫెయిర్‌ఫాక్స్‌లోనే ఉన్న ఛార్లీ కన్నింగ్‌హామ్ దారి వేరు. 1979లో అతను ఉక్కు మానేసి అల్యూమినియంతో ఫ్రేము చేశాడు. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, కానీ బిగువు కూడా మూడో వంతే, ఉక్కు గొట్టం సైజులోనే చేస్తే ఊగిపోతుంది. కిటుకు ఎక్కడుందంటే, గొట్టం గోడ మందం అంతే ఉంచి వ్యాసం రెట్టింపు చేస్తే బరువు రెండింతలు అవుతుంది, బిగువు ఎనిమిదింతలు అవుతుంది. అందుకని అప్పటి కళ్ళకి వికారంగా కనిపించేంత లావు గొట్టాలు వాడాడు. ఇత్తడి ఇక్కడ పనికిరాదు, టిగ్ వెల్డింగ్, అంటే కరెంటు మెరుపుతో గొట్టాల లోహాన్నే కరిగించి కలిపే పని చెయ్యాలి. వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర అల్యూమినియం మెత్తబడిపోతుంది కాబట్టి ఫ్రేము మొత్తాన్ని సుమారు 530 డిగ్రీల కొలిమిలో పెట్టి, చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచితేనే బలం తిరిగి వస్తుంది. జాకీ ఫెలన్ ఆ ఫ్రేముల మీదే 1983, 84, 85 మూడేళ్ళూ అమెరికా జాతీయ ఛాంపియన్ అయింది. మగవాళ్ళలో కూడా ఆమె కన్నా వెనకబడ్డవాళ్ళు చాలామంది. ఇవాళ ఏ షాపులో చూసినా లావు అల్యూమినియం గొట్టాలే కదా, కానీ కన్నింగ్‌హామ్ పేరు ఆ షాపులో అడిగితే తెలిసినవాళ్ళు తక్కువ.

1981, 82 వచ్చేసరికి ఒకరిని చూసి ఒకరు మొదలుపెట్టారు. బ్రీజ్, కన్నింగ్‌హామ్‌ల దగ్గర నేర్చుకుని స్కాట్ నికోల్ ఐబిస్ అనే కంపెనీ పెట్టాడు, స్టీవ్ పాట్స్, మార్క్ స్లేట్ కన్నింగ్‌హామ్‌తో కలిసి విల్డర్‌నెస్ ట్రెయిల్ బైక్స్ పెట్టారు, శాంటా క్రూజ్‌లో కీత్ బాంట్రేగర్, అటు మసాచుసెట్స్ సోమర్‌విల్‌లో ఫ్యాట్ సిటీ పేరుతో క్రిస్ ఛాన్స్. ఇంగ్లండ్‌లో జెఫ్ ఆప్స్ అయితే కాలిఫోర్నియా ఎండ దారులు కాకుండా తమ దేశపు బురదకి తగ్గట్టు, ఫిన్లాండ్ నుంచి మంచు టైర్లు తెప్పించుకుని తన సొంత పద్ధతిలో బండ్లు చేశాడు. మౌంటెన్ బైక్ ఎవరు కనిపెట్టారు అని అడిగితే నేను జవాబు చెప్పను. ఎవరి ఫ్రేము ఎక్కడ విరిగింది, దానికి ఏం చేశారు అని అడగండి, తెల్లవార్లూ కూర్చుని చెబుతాను.

ఈ లోపల శాన్ హోసేలో స్పెషలైజ్డ్ కంపెనీ నడుపుతున్న మైక్ సిన్యార్డ్, రిచీ ఫ్రేముల మౌంటెన్‌బైక్స్ కొన్ని కొన్నాడు. టిమ్ నీనన్ అనే డిజైనర్ ఆ దారిలోనే ఒక ఫ్రేము గీస్తే, జపాన్‌లో టిగ్ వెల్డింగ్‌తో చేయించి 1981లో స్టంప్‌జంపర్ పేరుతో అమ్మకానికి పెట్టాడు. ధర 750 డాలర్లు, రిచీ బండిలో సగం కన్నా కొంచెం ఎక్కువ. ఫిల్లెట్ గట్టుని ఆకురాయితో నునుపు చెయ్యడానికే మేస్త్రికి గంటలు పడుతుంది, టిగ్ అతుక్కి ఆ పనే లేదు. గ్యారేజీలో చెయ్యడం వేరు, ఫ్యాక్టరీలో చెయ్యడం వేరు అని అక్కడ తేలిపోయింది. 1983లో ఫిషర్, కెల్లీ విడిపోయారు. రిచీ కూడా వాళ్ళ నుంచి విడిపడి సొంత పేరుతో చేశాడు. ఫిషర్ కంపెనీని 1993లో ట్రెక్ అనే పెద్ద సైకిళ్ళ కంపెనీ కొనేసింది.

దీన్ని ఎవరో అన్యాయం చేశారన్నట్టు చెప్పేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు, ఆ చవక బండ్లే లేకపోతే నాలాంటివాడు కొండ ఎక్కేవాడే కాదు. కానీ ఆ నాలుగైదేళ్ళ గురించి నాకు ఎంతో గౌరవం. ఆదివారం నువ్వే తొక్కి, నువ్వే విరగ్గొట్టి, సోమవారం రాత్రి నువ్వే గ్యాస్ వెలిగించి అతికించి, మళ్ళీ ఆదివారం దాని మీదే ప్రాణం పెట్టి దిగడం. మా నాన్నగారు సైకిలు అతికించాక కస్టమర్‌కి ఇచ్చేముందు తనే ఎక్కి గాంధీ చౌక్ దాకా ఒక రౌండు కొట్టి వచ్చేవారు. ఎందుకని నేను అడిగితే, పాలవాడు ఎక్కాక విరిగితే పాలు పోతాయిరా అన్నారు.

ప్రశ్నలుంటే అడగండి. ఈలోగా ఈ ముక్క ముందు వరుస నుంచి వెనక్కి పంపుతాను, అతుకు మీద బొటనవేలు పెట్టి రుద్ది చూడండి, ఒక పక్క ఆకురాయి పట్టాను, రెండో పక్క పట్టకుండా అలాగే ఉంచాను. గొట్టం కొసల దగ్గర అంచు పదునుగా ఉంది, పిల్లల చేతికిచ్చేటప్పుడు కాస్త చూసుకోండి.